రొట్టె పెనం

రండర్రా, చాపలు ఇటు లాక్కోండి. అంత దూరాన కూర్చుంటే నా నవ్వే వినిపిస్తుంది, కథ వినిపించదు.

ఆ శుక్రవారం పొద్దున్నే రేడియోలో చెప్పారు. లైసెన్సు లేని డిష్‌ల మీద తనిఖీ అట. రాజధాని ఫునాఫుటి నుంచి అధికారి వస్తున్నారట. దొరికితే విప్పి పట్టుకుపోతారట. అదీ ఈ పడవలోనేనట! చూస్తే పడవ అప్పటికే రేవు ముందుంది.

మా దీవి మొత్తానికి ఇంటర్నెట్ వచ్చేది ఒక్క డిష్ మీంచే. వడ్డించే పళ్ళెమంత ఉంటుంది. మా వంటపాక కప్పు మీద పెట్టుకున్నాం. న్యూజిలాండ్ పళ్ళతోటల్లో పనికెళ్ళిన మా అల్లుడు బియ్యం బస్తాలో పెట్టి తెచ్చాడు. లైసెన్సు సంగతి ఎవరికీ తోచలేదు. బియ్యానికి అడగరు కదా!

ఆదివారం దాటేదాకా నాకు ఆ డిష్ ఉండి తీరాలి. ఎందుకంటారా? సముద్రం అవతల సువా పట్నంలో మా మనవరాలు టెపోలాకి కొడుకు పుట్టాడు. పేరు పెట్టాల్సింది ఇంటికి పెద్దదాన్ని, నేను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోన్లో వాడి మొహం చూసి, పోయిన మా ఆయన పేరు, కాతేయా అని పిలవాలి. నేను కనపడకపోతే, పక్కనే కాచుక్కూర్చున్న దాని అత్తగారు, మా వియ్యపురాలు, తన మొగుడి పేరు పెట్టేస్తుంది. సెరు అట! ఆ సెరు జన్మలో ఒక్క చేప పట్టిన పాపాన పోలేదు.

పడవలోంచి ఇద్దరు దిగారు. ముందు ఒక పెద్దమనిషి. పొడుగు ప్యాంటు, బూట్లు, చేతిలో ఇనప పెట్టె. వెనక ఒక పిల్ల. చంకలో చాప చుట్ట, కాళ్ళకి చెప్పుల్లేవు, సముద్రం పడక మొహం వేలాడిపోయింది.

వచ్చినవాళ్ళని ఎందుకొచ్చారని మేం అడగం. తిని, ఆడి, వెళ్ళేటప్పుడు వాళ్ళే చెప్పాలి. మగవాడైతే సభాశాలకి, ఆడదైతే వంటపాకకి. అంతే.

దీవిపెద్ద మా మరిది ఫలనీకో. పరుగున వచ్చాడు.

"వదినా, డిష్ దాచెయ్! పెట్టె ఆయన్ని నేను చూసుకుంటా."

"ఎక్కడ దాచను? పందుల దొడ్లోనా?"

"నీ కింద పెట్టుకుని కూర్చో. నిన్ను లేపే మొనగాడు ఇంకా పుట్టలేదు."

ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. పేరు పువాకెనా. వచ్చీ రాగానే కొబ్బరి కోరడానికి కూర్చుంది, మంచి పిల్ల.

"నువ్వే దాచి పెట్టు తల్లీ," అన్నాను, కప్పు మీంచి దింపించిన డిష్‌కి తీగ చుడుతూ. "కొత్తదానివి. నిన్నెవరు అనుమానిస్తారు?"

"నేనా?" అని కళ్ళింత చేసుకుంది. తర్వాత కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. "సరే అమ్మమ్మా. తీగని అలా మడవకు, లోపల తెగిపోతుంది."

డిష్‌ని చాపల మధ్య దూర్చి, వాటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అటు సభాశాలలో ఆయనగారి అవస్థ చూడాలి! చేపల ఐసుపెట్టె చెడి ఉంది, పట్టినవన్నీ ఆ పూటకి అయిపోవాల్సిందే. అన్నీ ఆయన ముందే గుమ్మరించాం. కొబ్బరిపాలలో ఉడికిన చేప, కాల్చిన చేప, పులాకా దుంప, మళ్ళీ చేప.

"అయ్యా, నా పని..." అని పెట్టె అందుకునేవాడు.

"పని ఎక్కడికి పోతుంది సార్? ఈ తలకాయ ముక్క చూడండి, మీ కోసమే చూస్తోంది!"

లేవబోతే పూలకిరీటం పెట్టి ఫాటేలే ఆటలోకి లాగేవాళ్ళు. మా ఆట సంగతి తెలిసిందేగా. మెల్లగా మొదలై, చెక్కపెట్టె మీద దరువు పిచ్చెత్తేదాకా ఆగదు. బూట్లు ఏ పిల్లలు ఎత్తుకెళ్ళారో!

ఇటు పువాకెనా కొబ్బరి కోరుతూ ఊరికే ముచ్చట్లు.

"ఇది ఎవరెవరు వాడతారు అమ్మమ్మా?"

"అందరూనూ. నర్సమ్మ డాక్టర్ని మందులడుగుతుంది. పిల్లలు పాఠాలంటారు, చూసేది రగ్బీ."

"డబ్బులు తీసుకుంటావా?"

"ఛీ! ఆకాశంలోంచి ఊడిపడేదానికి డబ్బులేమిటి?"

"మరి అధికారి వచ్చి ఇదేమిటంటే?"

"రొట్టె పెనం అంటాను."

పాపం ఆ పిల్లకి పొలమారింది. వీపు నిమరాల్సి వచ్చింది.

ఆదివారం ప్రార్థన అయింది. ఫలనీకో దరువు లేపాడు. ఆయనగారు కళ్ళు మూసుకుని ఎగురుతున్నారు. ఇదే అదనని మేం డిష్‌తో ఇంటి వెనక్కి పరుగు. బ్యాటరీకి తీగ తగిలించాం. ఫోన్లో ఏమీ రాదే!

"ఇలా ఇవ్వు అమ్మమ్మా," అని పువాకెనా డిష్‌ని అక్కడే ఉన్న మా ఆయన సమాధికి ఆనించి, ఆకాశం వంక ఒక చూపు చూసి, చిటికెడు పక్కకి తిప్పింది.

ఫోన్ నిండా వియ్యపురాలి మొహం! చేతిలో బిడ్డ. అప్పుడే నోరు తెరుస్తోంది, "సె..."

"కాతేయా!" అని అరిచాను. కోళ్ళన్నీ చెట్టెక్కాయి. బిడ్డ తుమ్మాడు. ఒప్పుకున్నట్టే కదా!

సోమవారం పడవ తిరిగొచ్చింది. రేవులో ఫలనీకో దండ వేస్తూ, "డిష్ దొరకలేదని కోపమా సార్?" అన్నాడు.

"ఏం డిష్షయ్యా?" అన్నాడు ఆయన, పొట్ట పట్టుకుని. "ఐసుపెట్టె బాగుచేద్దామని వచ్చాను. ముట్టుకోనిచ్చారా నన్ను?"

ఇదంతా గుర్తుంచుకుని మీ పిల్లలకి చెప్పండర్రా. ఒక్క ముక్క మాత్రం నాలాగే చివరిదాకా దాచండి: పడవ ఎక్కబోతూ పువాకెనా మా దీవుల ముద్దుగా నా చెంప వాసన చూసి, చంకలోని చాప విప్పి, అందులోంచి సర్కారు టోపీ తీసి తలకి పెట్టుకుని, "లైసెన్సులో డిష్ అని రాయమంటావా అమ్మమ్మా, రొట్టె పెనం అనా?" అంది.