అమ్మవారికి అడ్డం రాని ప్లాను

రాయ్‌పూర్ స్టేషన్‌ని కొత్తగా కడతామని గోడకు ప్లాను అంటించారు. పెద్ద హాలు, వెడల్పాటి మెట్లు. దాలమ్మ టీ బడ్డీ ఉన్నచోట పూలకుండీలు.

రైల్వేలో ఖలాసీగా చేసిన మొగుడు పరదేశి పోయినప్పటి నుంచి ఆ బడ్డీయే ఆమెకు కూడూ గుడ్డా. అర్జీ పెట్టుకుంది. అర్జీలు ఆ ఆఫీసులో ఎప్పుడూ వెయిటింగ్ లిస్టులోనే ఉంటాయి.

వారం తిరిగేసరికి బడ్డీ పక్కన, గోడకు ఆనుకుని ఒక నల్లరాయి వెలిసింది. ఒంటినిండా పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు.

బడ్డీ తీయించడానికి ఇంజనీరు మల్లేశ్వరరావు వచ్చాడు. తెలుగువాడే, కాపురం ఊళ్లోనే, శంకర్ నగర్‌లో.

"ఏంటిది దాలమ్మా?"

"పైడితల్లమ్మ బాబూ. కల్లోకొచ్చి, ఇక్కడే కూకుంటానన్నాది."

"విజయనగరం అమ్మవారికి రాయ్‌పూర్‌లో ఏం పని?"

"మనకేటి పనుందని వొచ్చినాం? రైలెక్కినాం, వొచ్చీసినాం. అమ్మా అంతే."

"ఇది సర్కారీ జాగా. రాయి తీయించక తప్పదు."

"తియ్యించు బాబూ, నానొద్దన్నానేటి? నీకు పిల్లలెంతమందీ?"

మల్లేశ్వరరావు చెప్పులు విప్పాడు. అమ్మవారు మహా కఠినమని పై ఆఫీసరుకి హిందీలో విన్నవించాడు: "బహుత్ కడక్ దేవీ హై, సాబ్." ఆ సాబ్ పైడితల్లి పేరు ఎన్నడూ విన్నవాడు కాదు. తెలియని దేవతంటే భయం రెండింతలు. ప్లాను మూడు గజాలు పక్కకు జరిగింది.

బడ్డీ నిలిచింది. కూలీలు మొక్కారు, టీసీలు మొక్కారు, ఊరవతల ఉర్లా ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు రైలు ఎక్కేముందు మొక్కి, టీ తాగి మరీ ఎక్కారు.

పనులు ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. అమ్మవారి మహిమ విని ముందు అక్కడికే నడిచారు. కొబ్బరికాయ కొట్టి, ఇస్త్రీ లాల్చీ నలిగేలా సాష్టాంగపడ్డారు.

"మాతాజీ, ఈ స్టేషన్ పూర్తయ్యేలా చూడు."

ఆయన లేచి, హారతి కళ్లకద్దుకుని వెళ్లేదాకా దాలమ్మ ఆ రాయి పక్కనుంచి కదల్లేదు.

గోడవైపు తిరిగి ఉన్న ఆ రాయి రెండో ముఖాన, పదిహేనేళ్ల కిందట ఇదే స్టేషన్ కొత్త భవనానికి శంకుస్థాపన చేసినవారిగా చెక్కి ఉన్న పేరు ఆయనదే.