అద్దం మీద రెండు దెబ్బలు

"మళ్లీ కొట్టిందే ఆవిడ!"

ఐస్ హాకీ ఆటలో మొదటి పీరియడ్ అయ్యి డ్రెస్సింగ్ రూములోకి వస్తూనే షెల్బీ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టింది.

"ఎవరే?" అంది స్కేట్ల లేసులు వదులు చేసుకుంటున్న టోరీ.

"నా గోల్ వెనకాల అద్దాల గోడని ఆనుకుని నిలబడిందే, ఆకుపచ్చ జాకెట్టావిడ! నేను పక్ బిళ్ల ఆపితే చాలు, అద్దం మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు. ప్రాణం తీస్తోంది."

"ఆకుపచ్చంటే ఈ ఊరి జట్టు రంగేగా, వాళ్ల మనిషేలే. నిన్ను బెదరగొడుతోంది. వదిలెయ్యవే తల్లీ, నాకు మాట్లాడే ఓపిక కూడా లేదు."

నిజంగానే ఎవరికీ ఓపిక లేదు. వారం నుంచి రోజూ ఆటే. కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ నుంచి విమానాలు మారి మారి ఈ సస్కచెవాన్ ఊరికి చేరేసరికే సగం ప్రాణం పోయింది. ఒక పిల్లయితే మోకాలికి ఐసు కట్టుకుని గోడకి జారగిలబడి కునుకు తీస్తోంది.

కానీ ఇది జాతీయ పోటీల ఫైనల్. వాళ్ల క్లబ్బు ఇంత దూరం రావడం ఇదే మొదలు. షెల్బీకి పద్దెనిమిది నిండుతున్నాయి, వచ్చే ఏడు ఈ జట్టులో చోటుండదు. బంగారు పతకమంటూ మెడలో పడితే ఇవాళే పడాలి.

అదీగాక, ఆ అద్దం వెనక చోటు అమ్మది.

సొంత ఊళ్లో ఆట ఎప్పుడు జరిగినా అమ్మ అక్కడే నిలబడేది. పీరియడ్ మారి షెల్బీ అవతలి గోల్‌కి వెళ్తే, అమ్మా అవతలికి నడిచేది. ఈసారి రాలేకపోయింది. ఏప్రిల్ కదా, పీతల పడవలు ఒడ్డుకొచ్చేశాయి. అమ్మ పనిచేసే పీతల ఫ్యాక్టరీలో ఇప్పుడు సెలవంటే, ఇక ఇంట్లోనే ఉండమంటారు.

అలాంటి చోట ఊరూ పేరూ తెలియని మనిషి నిలబడి టకటకలాడిస్తే ఒళ్లు మండదూ మరి?

రెండో పీరియడ్‌కి గోల్ కీపర్లు చోట్లు మారారు. షెల్బీ వెనక్కి తిరిగి చూసింది.

ఆవిడా మారింది! చంకలో ఫ్లాస్కు పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, రొప్పుతూ వచ్చి సరిగ్గా షెల్బీ వెనకే నిలబడింది.

షెల్బీ ఒకటి ఆపింది. టక్ టక్.

కాలు అడ్డం పెట్టి ఇంకోటి ఆపింది. టక్ టక్.

తర్వాతది కర్ర కింద నుంచి దూరిపోయింది. చెరో గోల్ అయింది. స్టేడియం మొత్తం లేచి గంతులేసింది.

అద్దం మాత్రం మోగలేదు. ఆ సంగతి గమనించే స్థితిలో షెల్బీ లేదు.

విరామంలో తిన్నగా కోచ్ హైన్స్ దగ్గరికి వెళ్లింది. "కోచ్, ఆవిణ్ణి అక్కణ్ణించి పంపించెయ్యండి. లేదంటే నా వల్ల కాదు."

అరిచి అరిచి హైన్స్ గొంతు ఎప్పుడో పోయింది. తలుపు దగ్గరున్న పసుపు కోటు వాలంటీరును పిలిచి ఆవిణ్ణి చూపించాడు.

"ఆవిడా? అయ్యో, అలాంటి మనిషి కాదండీ. ఆవిడ ఎవరంటే..."

"ఎవరైతే నాకేంటయ్యా! నా పిల్ల హడలిపోతోంది. మీరు పంపిస్తారా, రిఫరీకి చెప్పమంటారా?"

ఆయన తల గోక్కుంటూ వెళ్లాడు.

మూడో పీరియడ్‌కి మంచు మీదికి వస్తూ షెల్బీ చూసింది. వాలంటీరు ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ షెల్బీ వంక చూసి, అద్దం మీదికి చెయ్యెత్తి, మళ్లీ దించేసుకుంది. దూరంగా అవతలి గోల్ వైపు ఒకసారి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుకుంది. ఫ్లాస్కు చంకన పెట్టుకుని బయటి తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

"హమ్మయ్య, పీడ విరగడైంది," అంది టోరీ.

మూడో పీరియడ్‌లో కాళ్లు ఎవరి మాటా వినలేదు. అయినా షెల్బీ ఒకసారి ఒళ్లంతా పరిచేసి, చేతి తొడుగు కొసతో పక్‌ని బయటికి నెట్టింది. పుట్టి బుద్ధెరిగాక అంత గొప్పగా ఎప్పుడూ ఆపలేదు.

మంచు మీద పడి ఉండగానే చెవి ఒగ్గింది. ఎందుకో తనకే తెలియలేదు.

ఏమీ మోగలేదు.

అప్పుడు తట్టింది. ఆపినప్పుడే కొట్టింది ఆవిడ. గోల్ పడ్డప్పుడు కొట్టలేదు.

షెల్బీకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. లేచి నిలబడింది కానీ వీపు వెనకంతా బోసిపోయినట్టుంది.

ఆట ఇక ముగుస్తుందనగా భుజం మీదుగా రెండో గోల్ పడింది. ఓడిపోయారు.

రెండు జట్లూ వరస కట్టి చేతులు కలుపుకున్నాయి. చివరికి మిగిలింది ఇద్దరు గోల్ కీపర్లు. అవతలి కీపర్ లారిసా చెయ్యి వదిలేసి షెల్బీని గట్టిగా వాటేసుకుంది.

"ఏం ఆపావే బాబూ! మా అమ్మకి నువ్వంటే పిచ్చి తెలుసా? మంగళవారం మనం ఆడినప్పుడు నీ వెనక ఎవరూ నిలబడలేదట. 'పాపం, ఈసారి ఆ పిల్ల వెనక నేనుంటా' అంది."

షెల్బీ వెనక్కి తిరిగి అద్దం వైపు చూసింది.

"నా గోల్ దగ్గర నిలబడితే గుండె దడ ఆవిడకి. నీ గోల్ వైపు నుంచైతేనే నన్ను చూడగలదు." లారిసా మునివేళ్ల మీద లేచి జనంలోకి వెతుకుతూ అంది. "నేను ఈ కప్పు గెలిస్తే చూడాలని చిన్నప్పట్నించీ కాచుకుని ఉంది... నీ వెనకే ఉండాలి కదా, మా అమ్మ ఎటు వెళ్లిందో చూశావా?"