ఒక్కడి చేతిలో తాళం

గిలాంగ్ బండి తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. అది వినార్సి చేతిలో ఉంది.

"ఇటివ్వండక్కా. ఓడకు టైమైపోతోంది."

"ఇవ్వను."

ఉపవాసం విడిచే వేళ. రక్తదాతల సంఘం గదిలో అందరూ కోలక్ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. కొబ్బరిపాలలో ఉడికిన అరటిముక్క నోట్లో పెట్టుకోబోయిన వాళ్ళు చేతులు అలాగే ఆపారు.

సురబాయ ఊరివాళ్ళకు నోరు పెద్దదే. అయినా ఈమధ్యే వచ్చి చేరిన మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు.

"బండి అమ్ముకుని పోయేలా ఉందిరా, గిలాంగ్!" అన్నాడు లారీ నడిపే బగుస్.

"ముందు నీ ఫోనులో ఉన్న తాళం ముగ్గురికి ఇవ్వు అబ్బాయ్," అంది వినార్సి. "అప్పుడు నీ బండి తాళం నీకిస్తాను."

ఈ దేశంలో నెగటివ్ రక్తం వెతికినా దొరకదు. అందుకే గిలాంగ్ ఒక ఏర్పాటు చేశాడు. ఆస్పత్రి నుంచి రోగి వివరాలు పంపితే చాలు, కంప్యూటరే దగ్గర్లోని దాతలను వెతికి సందేశాలు సిద్ధం చేస్తుంది. దొంగ విన్నపాలు వస్తుంటాయి గనక, సందేశాలు బయటికి వెళ్ళేముందు ఒక మనిషి చూసి "సరే" నొక్కాలి.

ఆ మనిషి గిలాంగ్ ఒక్కడే.

ఆ తాళం ఇంకొకరికీ ఇచ్చే "పంచు" అనే మీట అందులో మొదటి నుంచీ ఉంది. అతను దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. తెలివి ఉన్నవాడికి పంచే గుణం కూడా ఉండాలని ఎక్కడా రాసిలేదు కదా.

ఇవాళ అతను పండుగకు సముద్రం అవతలి బంజర్మసిన్ వెళ్తున్నాడు. రేపటిదాకా నడిసముద్రమే. అక్కడ ఫోను పలకదు.

"ఒక్కరోజుకు ఏం మునిగిపోతుందక్కా?"

"నువ్వు ఓడలో ఉన్నా, జ్వరంతో పడుకున్నా, నువ్వు లేచేదాకా రోగులు ఆగాలా? రక్తం కారేవాళ్ళకు అంత ఓపిక ఉంటుందా?"

"పదిమందిలో పాము చావదంటారు. ఎవడో వేలు పెట్టి చెడగొడితే మళ్ళీ నేనే కూర్చోవాలి. ఇది నా బిడ్డలాంటిది."

వినార్సి మొహం ఎర్రబడింది.

"ఇక్కడ చచ్చేది పాము కాదబ్బాయ్. వీళ్ళ ఒంట్లో రక్తం తీసుకుంటావు గానీ, వీళ్ళ చేతికి తాళం ఇవ్వవా?"

గిలాంగ్‌కు రోషం వచ్చింది.

"అసలు మీది పాజిటివ్ రక్తం. మా రోగులకు ఒక్క చుక్కా పనికిరాదు. వచ్చి గిన్నెలు కడిగి పోతుంటారు. ఈ పెత్తనం మీకెందుకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సంఘం పెద్ద దర్మాజి అడిగాడు. "అవునమ్మా, ఇంతకీ నువ్వెవరు?"

"నేనెవరో చెబితేనే వింటారా? మాట నిజమైతే చాలదా?"

"ఏం నిజం?" గిలాంగ్ గొంతు పెంచాడు. "రెండేళ్ళ కిందట ఇదే ఓడలో ఉండగా ఒక విన్నపం ఆగిపోయింది. దిగగానే నేనే ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ ఎత్తి 'ఇక అక్కర్లేదు నాయనా' అంది. ఎక్కడో రక్తం దొరికే ఉంటుంది. కొంపేం మునగలేదుగా!"

వినార్సి తాళంచెవిని పిడికిట్లో బిగించింది.

"నన్ను తోసుకుని వెళ్ళు, లేదా పంచి వెళ్ళు. నేను మాత్రం కదలను."

గిలాంగ్ పెద్దాయన వైపు చూశాడు. ఆయన గిన్నె కింద పెట్టాడు.

"ఇచ్చెయ్‌రా. ఆవిడ మాటలో నాకు తప్పు కనబడటం లేదు."

గొణుక్కుంటూనే గిలాంగ్ ఆ మీట నొక్కాడు. పెద్దాయనకు, నర్సు సెకార్‌కు, బగుస్‌కు తాళాలు వెళ్ళాయి. ఏది నమ్మాలో, ఏది కాదనాలో విసుక్కుంటూనే నేర్పాడు.

"ఒకసారి పరీక్షించి చూద్దాం. ఏదో ఒక పేరు చెప్పండి," అంది సెకార్.

ఎవరూ నోరు తెరవకముందే వినార్సి చెప్పింది.

"లారస్. ఆరేళ్ళు. ఓ నెగటివ్."

సెకార్ ఆ వివరాలు ఎక్కించింది. అందరికంటే ముందు బగుస్ "సరే" నొక్కాడు. గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

ఆ చప్పుడు ఆగేదాకా వినార్సి వింటూ నిలబడింది.

"ఇంతేనా? ఇంతసేపేనా పట్టేది?"

"ఇంతే మరి! ఆషామాషీగా చేశాననుకున్నారా?" గిలాంగ్‌కు కోపం కాస్త చల్లారింది. "ఇంత గొడవ చేశారుగా, మీరూ ఒక తాళం తీసుకోండి."

ఆమె బండి తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"నాకిక అక్కర్లేదు, నాయనా."

గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

గిలాంగ్ హెల్మెట్ పెట్టుకుంటుండగా కంప్యూటర్ నుంచి సందేశం వచ్చి ఫోను మళ్ళీ మోగింది. చూశాడు.

"లారస్, ఆరేళ్ళు, ఓ నెగటివ్. ఇవే వివరాలతో రెండేళ్ళ నాటి విన్నపం ఒకటి ఉంది. మీ అనుమతి కోసం ఎదురుచూస్తోంది."

"అక్కా!" అంటూ వీధిలోకి పరుగెత్తాడు. పండుగ రద్దీలో ఆమె ఎటు పోయిందో తెలియలేదు.

ఆ రోజు ఫోనులో "ఇక అక్కర్లేదు నాయనా" అన్నది ఈ గొంతే, లారస్ వాళ్ళమ్మ గొంతు.