తాగని నీళ్లు

"ఇంకాసేపట్లో బహుమతి కమిటీ ఫోన్ చేస్తది, అవ్వా. నీ మాట కూడా వింటరట," అంటూ సుచిత్ర మంచినీళ్ల గ్లాసు అందించింది.

హన్మవ్వ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. "నేనేం జెప్పాలె, బిడ్డా?"

"మా బాపును క్షమించినవని. నా పుస్తకమంతా దాని మీదే నిలబడింది. తత్వశాస్త్రంల ప్రపంచంలోనే పెద్ద బహుమతి దానికే ఇస్తున్నరు."

"మీ బాపు రుద్రూర్ కాలువ తూము మూసి నా వరి ఎండవెట్టిండు. నేనెప్పుడు మాఫ్ చేసిన?"

"బాపు పోయిననాడు మా ఇంట్ల నీళ్లు తాగినవు. పగ ఉన్న ఇంట్ల ఎవరూ తాగరు గదా."

"పదిమందిల వద్దనలేక తీసుకున్న. బయటికొచ్చి చెట్టుకు పోసిన."

ఫోన్ మోగసాగింది.

"ఇన్నేండ్లల్ల నీ మనసు కరగనేలేదా, అవ్వా?"

"మాఫ్ చెయ్యమని మీ ఇంట్ల ఎవలన్న అడిగిండ్రా?"

పుస్తకం నిండా క్షమించడం గురించి రాసిన సుచిత్ర, క్షమాపణ అడగడం గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు.

ఆమె ఫోన్ ఎత్తింది. బహుమతి ప్రకటించవద్దని, తన పుస్తకానికి ఆధారమైన సంఘటన జరగనే లేదని చెప్పి పెట్టేసింది. తర్వాత హన్మవ్వకు చేతులు జోడించింది.

"మా బాపు తప్పు చేసిండు. మాఫ్ చెయ్యి, అవ్వా."

హన్మవ్వ చాలాసేపు గ్లాసు వైపే చూసింది. తాగలేదు. కింద పెట్టనూ లేదు.