ఉతికినా పోని నీలం

"మరిదీ, ఎలాగైనా ఈ నీళ్లకి రంగు వదిలించు. మా కోడలు పచ్చి బాలింత. పొద్దుటి నుంచీ దానికి గుక్కెడు నీళ్లు లేవు," అంటూ పక్కింటి వదిన బిందె దించింది.

అద్దకం మేస్త్రీ తొంగిచూశాడు. బోరునీళ్లు లేత నీలంగా ఉన్నాయి.

"ఆకాశం కరిగి మీ బోరులో పడిందేమో వదినా!" హాస్యమాడకపోతే ఆయనకి అన్నం అరగదు.

బొగ్గుపొడిలో వడకట్టాడు. సున్నం కలిపి తేర్చాడు. పొయ్యిమీద మరగకాచాడు. నీలం చెక్కుచెదరలేదు.

"నువ్వద్దిన దుప్పటి ఏట్లో కొట్టుకుపోతే ఏరంతా నీలమైందిగానీ దుప్పటి వెలవలేదని కోతలు కోశావే! ఎక్కించినవాడికి దించడం తెలీదా?"

మేస్త్రీ తెల్లగుడ్డ ముక్కని ఆ నీళ్లలో ముంచి, పిండి, వెలుతురుకి పట్టాడు. నీలంలో సన్నటి ఊదా ఛాయ. ఆ పాళ్లలో కలపడం ఇంకెవరికీ చేతకాదని తనే ఊరంతా చాటుకున్నాడు.

పాక వెనకాల ఎండిపోయిన బోరుగొట్టం గుర్తొచ్చింది. కాగుల్లో మిగిలిన రంగునీళ్లు వీధిలో పారబోస్తే నలుగురూ తిడతారని, మూడేళ్లుగా అందులోనే పోస్తున్నాడు. భూమి మింగేస్తుందనుకున్నాడు.

"చెప్పవేం మరిదీ? పోతుందా?"

"పోదు వదినా," అన్నాడు. "పోకూడదనే కలిపాను."

వదిన ఆ గుడ్డముక్కనీ, ఆయన నీలిగోళ్లనీ మార్చి మార్చి చూసింది. ఖాళీ బిందె చంకనెత్తుకుంది.

"మా కోడలికేం చెప్పను?" అంది.