సునాముఖి పొడి

“ఇది మీ పేగేనమ్మా. గులాబీ రంగులో ఉండాలి. ఎట్లా నల్లబడిందో చూడండి,” అంటూ డాక్టర్ సాయిప్రసాద్ కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పాడు.

విశ్వాసమ్మ ఒకసారి చూసి తల దించుకుంది. పక్కన కూర్చున్న కూతురు క్రిస్టినా మాత్రం చూపు తిప్పుకోలేకపోయింది. తల్లి పనిలో కళ్లు తిరిగి పడిపోయిందని తెలిసి రాయచోటి నుంచి కడపకు పరుగున వచ్చిందామె.

“క్యాన్సరా సార్?”

“కాదు. చాలా కాలంగా ఏదైనా ఆకు మందు వాడుతున్నారా?”



“సునాముఖి పొడి సార్,” క్రిస్టినా చెప్పింది. “రోజూ పండుకునే ముందర వేన్నీళ్లలో కలుపుకొని తాగుతాది. పనికి పోయేలోపల కడుపు ఖాళీ కావాల అంటాది. వద్దంటే ఇనదు.”

“అది మానేస్తే నలుపు మెల్లగా పోతుంది. మానకపోతే పేగు తనంతట తాను కదలడం మరిచిపోతుంది. నీళ్లు బాగా తాగండి. ఎప్పుడు వస్తే అప్పుడు వెళ్లండి, బిగబట్టొద్దు.”

“పన్లో కుదరదు సార్,” అంది విశ్వాసమ్మ.

“ఏం పని?”

“గుడ్డల అంగట్లో.”

“పెద్ద అంగడి సార్. చీరలు మడత పెడతాది,” అంది క్రిస్టినా. విశ్వాసమ్మ కూతురి వైపు చూడలేదు.

“అంత పెద్ద అంగట్లో బాత్రూములు లేవా?”

“ఉండాయి సార్. అవి కొనేవాళ్లకు. మేము పోగూడదు.”

“మరి మీకు?”

“ముందు ఎనకాల కంపచెట్లుండె. ఇప్పుడు ఆడ ఇండ్లు కట్టినారు.”

చీటీ రాయబోయిన డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. దానికి ఆయన దగ్గర మందు లేదు.

“ఓనర్ని అడిగి చూడండి.”

“అడిగినా సార్. ఇష్టం లేకుంటే మానుకో అన్యాడు.”

బయటికొచ్చాక క్రిస్టినా ఆగింది. “నేనొచ్చి మాట్లాడతా మా. ఎట్ల పోనీయడో చూస్తా.”

విశ్వాసమ్మ మొహం పాలిపోయింది. “నువ్వు అంగడికి రావద్దు పాపా. నీకు దండం పెడతా.”

“ఎందుకంత భయపడతాండావు? పోనీ, ఆ పొడన్నా మానెయ్యి.”

“మానేసి?”

క్రిస్టినా తల్లితో కలిసి బస్టాండుకు నడిచింది. బస్సెక్కి కూర్చున్నాక కూడా కిటికీలోంచి తల్లినే చూస్తూ ఉండిపోయింది.

బస్సు కదిలాక విశ్వాసమ్మ అంగడికి నడిచింది. వెనక తలుపు గుండా లోపలికెళ్లి, కట్టుకొచ్చిన మంచి చీర మార్చుకుంది. ఆలస్యమైందని సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. మెట్లెక్కుతుంటే కడుపులో మెలిపెట్టింది. రెయిలింగు పట్టుకుని నిలబడి, అటూ ఇటూ చూసింది. మూడో అంతస్తులో కస్టమర్ల మరుగుదొడ్డి తలుపు తోసి లోపలికి వెళ్లింది.

ఆ అంగట్లో మరుగుదొడ్లు కడగడమే ఆమె పని.