కుక్కకి తెలిసిన దారి

తొకుజో పోయాడు గానీ పుట్టగొడుగుల చోటు ఆయనతో పోలేదనీ, అది ఆయన కుక్కకి తెలుసనీ తోఫు దుకాణం మినెకో అన్నదట. అన్నది ఒక్కసారేనట. మర్నాటికల్లా ఊళ్ళో సగం మందికి కుక్కలంటే ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ కుక్క పేరు టెత్సు. ఈ కొండల్లోనే పుట్టిన కాయ్ జాతి, ఒంటినిండా పులిచారలు. చదును నేల మీద నడవమంటే వాడికి నామోషీ. రాయి కనబడితే ఎక్కాలి, వాగు కనబడితే దూకాలి.

పుట్టగొడుగులంటే మామూలువి కావు, మత్సుతకేలు. చలి మొదలయ్యే ముందు ఎర్ర పైన్ చెట్ల మొదళ్ళలో తలెత్తుతాయి. అడవి ఊరుమ్మడిది, ఎవరు ఏరుకుంటే వాళ్ళవే. కానీ అవి మొలిచే చోటు తెలిసినవాడు కన్నకొడుక్కి కూడా చెప్పడు. చచ్చేముందు చెబుదాంలే అనుకుంటాడు. అప్పటికి నోరు పడిపోతుంది.

ఏటా ఆ రోజుల్లో తొకుజో తెలతెలవారుతుండగా టెత్సుతో కొండెక్కేవాడు. వీపున బుట్ట, బుట్ట మీద గుడ్డ. వెనకాల దొంగచాటుగా సగం ఊరు. అందర్నీ ముళ్ళలో ఈడ్చి, వాగులో ముంచి, ఎక్కడో మాయమయ్యేవాడు. మధ్యాహ్నానికి ఈల వేసుకుంటూ దిగేవాడు. సాయంత్రం ఆయన భార్య షిగెనో, మట్టివాసన వదలని మత్సుతకేలు పట్టుకొచ్చి హొసాకా సత్రం వంటింట్లో పెట్టేది.

వాటితో వండిన అన్నం తినడానికే టోక్యో నుంచి బస్సు కట్టించుకుని మరీ హొసాకా సత్రానికి జనం వస్తారు. ఈ ఆదివారమూ వస్తున్నారు. ఈ ఏడు అన్నంలో అవి లేవంటే, వచ్చే ఏడు గదుల్లో దిగేది సాలెపురుగులే.

మొదట మంగలి ఇసావో కుక్కని తిప్పుతానని ముందుకొచ్చాడు. వారం తిప్పాడు. పుట్టగొడుగు ఒక్కటీ దొరకలేదు గానీ రక్తపోటు తగ్గింది. డాక్టరు భేష్ అన్నాడు. ఇసావో మాత్రం కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత సత్రం యజమాని హొసాకా వచ్చాడు.

"పాపం, నోరులేని జీవం. బాబాయి పోయాక కొండ మొహం చూసిందో లేదో అని నిద్ర పట్టలేదు పిన్నీ" అన్నాడు.

"నిద్ర పట్టక వచ్చినవాళ్ళలో నువ్వు ఆరోవాడివి" అంది షిగెనో, కుక్క తాడు చేతికిస్తూ. "తీసుకెళ్ళు. నా మోకాళ్ళకి వీడితో పరుగులు ఎక్కడ? మధ్యాహ్నం లోపు మాత్రం తీసుకురాకు. కాళ్ళు అరిగేదాకా తిరక్కపోతే గుమ్మం కొరుకుతాడు."

"అలాగే."

"ఎటు పోతున్నావ్? వాగు అవతలికా, ఇవతలికా?"

"ఎందుకు పిన్నీ?"

"అదేంటి, పొద్దుపోయినా రాకపోతే ఎక్కడని వెతకను?"

అమాయకురాలు అనుకున్నాడు హొసాకా. వాగు అవతలికేనని చెప్పాడు. మొగుడు అంత విలువైన చోటు కుక్కకి చూపించి పోయాడు, ఈవిడేమో తాడు పరాయివాడి చేతిలో పెట్టి మోకాళ్ళు చూసుకుంటోంది.

టెత్సు వాగు దూకాడు. హొసాకా వాగులో పడ్డాడు. టెత్సు కొండగొర్రెని తరిమాడు. తాడు చేతికి చుట్టుకుని ఉంది కాబట్టి హొసాకా కూడా దాన్ని తరిమాడు. ఒకచోట ఎర్ర పైన్ మొదట్లో టెత్సు గబగబా తవ్వడం మొదలెట్టాడు. హొసాకా మోకాళ్ళ మీద పడి దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టి తనూ చేతులతో తవ్వాడు. ఎలుక వచ్చింది. టెత్సు దాన్ని వదిలేసి, నీకు కావాలేమో తీసుకో అన్నట్టు చూశాడు.

రోజూ ఇదే వరస. పొద్దున షిగెనో ఎటని అడుగుతుంది. హొసాకా చెప్తాడు. మధ్యాహ్నం దాటాక పల్లేరుకాయలతో దిగుతాడు.

"పుట్టగొడుగులు తెమ్మంటే పొట్ట తగ్గించుకొచ్చావు" అంది హొసాకా భార్య. "ఆదివారం అతిథులకి ఏం పెట్టమంటావ్, నీ నడుమా?"

శనివారం మధ్యాహ్నం హొసాకా ఒక చెప్పుతో దిగాడు. రెండోది వాగు తీసుకుంది. షిగెనో వాకిట్లో మినెకో, ఇసావో టీ తాగుతున్నారు. అతను వస్తాడనే కాచుకున్నట్టున్నారు.

"చిక్కిపోయావు బావా, అందంగా ఉన్నావు" అన్నాడు ఇసావో.

హొసాకా అరుగు మీద కూలబడ్డాడు.

"పిన్నీ, నిజం చెప్పేస్తున్నా. నేను వచ్చింది కుక్క మీద ప్రేమతో కాదు."

"అవునా?" అంది షిగెనో.

"రేపు బస్సు వస్తోంది. వంటింట్లో బియ్యం తప్ప ఏమీ లేదు. వీడు నాకు అడవంతా చూపించాడు, ఆ ఒక్క చోటు తప్ప. ఇక సత్రం మూసుకోవడమే."

షిగెనో టెత్సు కాళ్ళు తుడవడం ఆపింది. లోపలికి వెళ్ళి వెదురు చేట ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. చేటనిండా మత్సుతకేలు. మొదళ్ళకి తడిమట్టి ఇంకా ఆరలేదు.

మినెకో టీ గిన్నె కింద పెట్టేసింది. హొసాకా ఒకటి తీసి వాసన చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవాళ పొద్దుటివే" అన్నాడు. "అయితే బాబాయి పోయేముందు ఆ చోటు నీకు చెప్పే పోయాడన్నమాట."

"మీ బాబాయికి ఆ చోటు ఎక్కడ తెలుసు అబ్బాయ్, ఆయన్నీ నీలాగే కుక్కని తిప్పుకురమ్మనే పంపేదాన్ని" అంది షిగెనో.